అరవయ్యో ఏట మళ్ళీ మోటారు సైకిలు

మా ఇంట్లో ఒక కథ ఇరవై తొమ్మిదేళ్ళపాటు చెలామణీ అయింది. చుట్టాలెవరైనా వచ్చినప్పుడు మాటల మధ్య మోటారు సైకిళ్ళ ప్రసక్తి వస్తే చాలు, నేనొక నిట్టూర్పు విడిచి, "నాకూ ఒక యెజ్డీ ఉండేదండీ. ఆవిడ వద్దని ఏడిస్తే అమ్మేశాను" అనేవాణ్ణి. వచ్చినవాళ్ళు మా ఆవిడ వంక చూసి నవ్వేవారు. ఆవిడా నవ్వి, కాఫీ కలపటానికి లోపలికి వెళ్ళిపోయేది.

ఆ కథలో లోపం ఒక్కటే. అది నిజం కాదు.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, అంటే 1988లో, నేనా యెజ్డీ కొన్నాను. మైసూరులో తయారయ్యే బండి. దాదాపు 250 సి.సి. ఇంజను, రెండు పక్కలా రెండు సైలెన్సర్లు. టూ స్ట్రోకు బండి కావటంచేత పెట్రోలులో నూనె కలిపి పోయించాలి. వీధి మొదట్లో నేను బండి తిరగేస్తే, వీధి చివరదాకా నీలం పొగ, డబడబమనే చప్పుడు. దానికొక చమత్కారం ఉండేది. కిక్కురాడ్డూ, గేరురాడ్డూ ఒకటే. నిలబెట్టి తన్నితే ఇంజను కదులుతుంది. అదే రాడ్డును ముందుకు వాల్చితే గేరవుతుంది. ఈ కిటుకు తెలియని దొంగ ఎత్తుకుపోలేడని మా స్నేహితులు ధైర్యం చెప్పేవారు. ఆ ఫ్యాక్టరీ 1996లో మూతపడింది.

1990లో మా పెళ్ళయింది. ఆవిడ చీర కుచ్చెళ్ళు ఒడిలోకి లాక్కుని, ఒక పక్కకు తిరిగి కూచుని, ఆ బండి మీద నాతో సినిమాలకూ, సంతలకూ, పుట్టింటికీ తిరిగింది. 1994 జనవరిలో, మా అమ్మాయిని అమ్మమ్మ దగ్గర ఉంచి, ఇద్దరం హైదరాబాదు నుంచి శ్రీశైలం బయలుదేరాం. ఈగలపెంట దాటాక కృష్ణ వైపు దిగే ఘాటురోడ్డులో ఒక మలుపు దగ్గర ఇసుక ఉంది. చూసి గాభరాపడి ముందు బ్రేకు గట్టిగా పట్టాను. ముందు చక్రం నా చేతిలోనుంచి జారిపోయినట్టయింది. ఇద్దరం పడ్డాం. మా వెనకే వస్తున్న లారీ కీచుమని అరిచి, మాకు నాలుగడుగుల దూరంలో ఆగింది. దాని బంపరుకు కట్టిన నిమ్మకాయలు నాకిప్పటికీ కళ్ళకు కట్టినట్టున్నాయి.

ఆవిడ ఎడమ మణికట్టు విరిగింది. నాకు మోచెయ్యి గీరుకుపోయింది. అంతే. ఆరు వారాలు పిండికట్టు వేసుకుంది. కట్టు విప్పిన రోజున ఆవిడ నన్ను అడిగిన మొదటి మాట మాత్రం నేనెవరికీ చెప్పలేదు.

"బండి బాగుచేయించారా? మొక్కు మధ్యలో ఆగిపోయింది. ఎప్పుడు వెళదాం?"

నేను బాగుచేయించాను. కాని మళ్ళీ వెళ్ళటానికి కాదు, అమ్మటానికి. రాత్రిళ్ళు ఆ నిమ్మకాయలు కలలోకి వచ్చేవి. భయపడ్డానని చెప్పుకోవటానికి ముప్ఫై ఏళ్ళ మగవాడికి నోరు రాలేదు. "ఆవిడ వద్దంది" అంటే అందరూ నమ్మారు. అలాంటి మాట ఎవరైనా నమ్ముతారు. ఆ తరవాత ఊళ్ళో తిరగటానికొక స్కూటరు, కొన్నేళ్ళకొక కారు. కాలం గడిచిపోయింది. ఆ మొక్కు అలాగే ఉండిపోయింది.

2023 జూలైలో రిటైరయ్యాను. ఇంట్లో కూచున్న రెండో వారానికే పేపరులో ప్రకటనలు కూడా చదవటం మొదలుపెట్టాను. ఒకనాటి ఉదయం మా ఆవిడతో, నవ్వులాటగా అన్నట్టు, "ఒక పాత మోటారు సైకిలు కొంటే ఎలా ఉంటుంది?" అన్నాను.

ఆవిడ బియ్యంలో రాళ్ళు ఏరుతూ తలెత్తకుండా, "కొనండి. కాని నన్ను ఎక్కించుకుంటేనే" అంది.

ఏడ్చి అమ్మించిన మనిషి అనవలసిన మాట కాదది. ఆ సంగతి అప్పుడు నా బుర్రకు తట్టలేదు. బండి దొరుకుతుందన్న సంతోషంలో ఉన్నాను.

ఏ బండి కొనాలి? నా యెజ్డీ పేరు 2022లో మళ్ళీ బజారులోకి వచ్చింది. వెళ్ళి చూశాను. చక్కని బండే. కాని పేరొకటే గాని మనిషి వేరు. చిన్ననాటి స్నేహితుడి పేరు పెట్టుకున్న వాళ్ళ మనవణ్ణి చూసినట్టుంది. అదీగాక నా మనసులో ఇంకొకటి ఉంది. 2003లో హీరో హోండా వాళ్ళు కరిజ్మా అనే బండి విడుదల చేశారు. సినిమా నటుడు హృతిక్ రోషన్ దాని ప్రకటనల్లో కనిపించేవాడు. 223 సి.సి. ఇంజను, దాదాపు పదిహేడు గుర్రాల శక్తి, ముందు ఛాతీకి గాలి తగలకుండా సగం తొడుగు. మా ఆఫీసులో ఒక కుర్రాడు దాన్ని కొని, రోజూ నా స్కూటరు పక్కనే నిలిపేవాడు. అమ్మాయి చదువు ఖర్చులు లెక్క వేసుకుంటూ నేను దాని చుట్టూ రోజూ ఒక ప్రదక్షిణం చేసేవాణ్ణి.

ఈ తరహా బండిని స్పోర్ట్స్ టూరర్ అంటారు. అంటే పందెపు గుర్రానికీ, ప్రయాణపు గుర్రానికీ పుట్టిన బిడ్డ అన్నమాట. పందెపు బండి మీద నడుం వంచి, గడ్డం టాంకుకు ఆనించి కూచోవాలి. గంటకల్లా వెన్నెముక మొర పెడుతుంది. ప్రయాణపు బండి మీద కుర్చీలో కూచున్నట్టు నిటారుగా కూచుంటాం; వేగం పెరిగితే గాలి వెనక్కి తోసేస్తుంది. రెండింటికీ మధ్యస్థంగా, కొద్దిగా ముందుకు వంగి, గాలి తొడుగు చాటున రోజంతా సాగిపోవటానికి వీలైనది స్పోర్ట్స్ టూరర్. విదేశాల్లో ఇలాంటివి వెయ్యి సి.సి.లు కూడా ఉంటాయి. మన దేశంలో, మన జేబుకు, ఆ రోజుల్లో ఇదే ఆ ముచ్చట తీర్చింది.

పాత బండి కొనటమంటే పెళ్ళిచూపుల వంటిదే. మొదటి బండివాడి ఇంటికి వెళ్ళేసరికి ఇంజను మీద చెయ్యి పెడితే చురుక్కుమంది. ఉదయం చలికి కదలని బండిని, నేను వచ్చేలోగా తిప్పి వేడి చేసి ఉంచాడన్నమాట. నమస్కారం పెట్టి వచ్చేశాను. రెండో బండి మెరిసిపోతోంది గాని, ఛాసిస్ మీది నంబరుకూ, రిజిస్ట్రేషను కాగితంలోని నంబరుకూ ఒక అంకె తేడా. అక్కడ మంచినీళ్ళు కూడా తాగలేదు.

మూడోది 2007 నాటిది. నల్లని బండి. విదేశానికి వెళ్ళిపోతున్న ఒక యువకుడిది. పదిహేనేళ్ళు నిండాక 2022లో బండి పరీక్ష చేయించి, రిజిస్ట్రేషను అయిదేళ్ళకు పొడిగించుకున్నాడు. అప్పు తీరిపోయినట్టు కాగితం ఉంది. ముందు ఫోర్కు గొట్టాల మీద వేలితో రాసి చూశాను. నూనె తడి లేదు. వెనక స్ప్రాకెట్ పళ్ళు కొక్కేల్లా వంగిపోలేదు. చల్లగా ఉన్న ఇంజను మీట నొక్కగానే రెండో పలుకుకు లేచింది. నలభై ఎనిమిది వేలకు బేరం కుదిరింది. 29, 30 నంబరు ఫారాల మీద ఇద్దరం సంతకాలు చేశాం. ఇన్సూరెన్సు కూడా కొన్నవాడి పేరుకు పద్నాలుగు రోజుల్లోగా మార్పించుకోవాలి. చాలామంది ఇది మరిచిపోయి, ఏదైనా జరిగాక గుండెలు బాదుకుంటారు.

ఇంటికి తెచ్చి నిలబెట్టాక ఒక చిత్రం గమనించాను. టాంకు మీద ఉన్న పేరు హీరో హోండా. ఆ రెండు కంపెనీలూ 2011లో విడిపోయాయి. నంబరు పలక మీద ఉన్నది 'ఏపీ'. ఆ రాష్ట్రం 2014లో రెండయింది. విడిపోయిన రెండు కాపురాల గుర్తులు ఒకే బండి మీద ఉన్నాయి! ఈ మాట మా ఆవిడతో అంటే, "దిష్టి తీసి నిమ్మకాయలు కడదామా?" అంది. వద్దన్నాను. నిమ్మకాయలు మాత్రం వద్దన్నాను.

బండిని మా పేటలో ఉన్న మెకానిక్కు దగ్గరకు తీసుకువెళ్ళాను. అతను చుట్టూ తిరిగి చూసి, టైరు మీద వేలు పెట్టి, "సార్, ఇది ఎప్పటిదో చూశారా?" అన్నాడు. టైర్ల గాళ్ళు లోతుగా, కొత్తవాటిలాగే ఉన్నాయి. అతను పక్కన అచ్చువేసి ఉన్న నాలుగంకెలు చూపించాడు. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. నా టైరు 2012లో పద్నాలుగో వారంలో పుట్టింది. వాడకపోయినా రబ్బరు గట్టిపడుతుందట. గట్టిపడిన రబ్బరు రోడ్డును పట్టుకోదు. పైకి నిగనిగలాడుతున్నా లోపల వయసు దాగదన్నమాట. ఆ మాట టైరు గురించే అన్నాడు. నేను మాత్రం నెత్తి మీది రంగు తడుముకున్నాను.

టైర్లు, చైను, బ్రేకు పట్టీలు, బాటరీ మార్పించాను. బండి అప్పగిస్తూ అతను, "బండి బాగుంది సార్. మరి మీరు?" అన్నాడు. హాస్యమాడాడనుకున్నాను. మర్నాడు ఉదయం రోడ్డెక్కాక తెలిసింది, అది హాస్యం కాదని.

మొదటి కూడలిలో ఆగగానే నా ఎడమ కాలు, లేని కిక్కురాడ్డు కోసం గాలిలో వెతికింది. హ్యాండిలు తిప్పితే ముందు దీపం తిరగలేదు. అది తొడుగుకు బిగించి ఉంది. నూట యాభై కిలోల బండి ఒక పక్కకు ఒరిగితే ఆపవలసిన మోకాలు, పెన్షను కాగితాల మీద సంతకాలు పెట్టిన మోకాలు. అంచేత నెల రోజులు రోజూ తెల్లవారుజామున ఒక ఖాళీ మైదానానికి పోయి, ఒంటరిగా ఎనిమిది అంకెలు తిరిగాను. వాకింగుకు వచ్చే పెద్దలు నన్ను చూసి జాలిపడ్డట్టే ఉంది.

ఆ మైదానంలో నేను నేర్చుకున్నది యౌవనంలో నాకెవరూ నేర్పలేదు. బండి పోవలసిన చోటికి చూపు పోవాలి; గోతిని చూస్తే గోతిలోకే పోతాం. వేగంగా వెళ్ళేటప్పుడు ఎడమకు తిరగాలంటే ఎడమ చేతి పిడిని మెత్తగా ముందుకు నెట్టాలి. బండి తనంతట తానే ఎడమకు ఒరుగుతుంది. బ్రేకు వేసినప్పుడు బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది గనక, సూటి దారిలో ముందు బ్రేకే ప్రాణదాత. కాని మలుపులో బండి ఒరిగి ఉన్నప్పుడు, అందులోనూ ఇసుక మీద, అదే బ్రేకును గట్టిగా పట్టితే చక్రం జారుతుంది. వేగం మలుపుకు ముందే తగ్గించుకోవాలి.

ఆ మాట అర్థమైన రోజున బండి ఆపి గట్టు మీద చాలాసేపు కూచున్నాను. 1994లో తప్పు రోడ్డుది కాదు, బండిది కాదు, ఇసుకది కాదు. వేగం తగ్గించకుండా మలుపులోకి వెళ్ళి, అక్కడ బ్రేకు పట్టింది నేను. తెలియక చేసిన తప్పును దిద్దుకోవచ్చు. ఆ తప్పు దాచటానికి తెలిసి చెప్పిన అబద్ధం ఇంకా దిద్దుకోలేదు.

డిసెంబరు నెలలో, ఒక మంగళవారం తెల్లవారుజామున, శ్రీశైలం బయలుదేరాం. మా ఆవిడ ఈసారి సల్వారు కమీజు వేసుకుని, మగవాళ్ళలాగే రెండు పక్కలా కాళ్ళు వేసి కూచుంది. ఒక పక్కకు కూచుంటే బరువు ఒక వైపే పడుతుంది, చీర కొంగు చైనులో చిక్కుకునే ప్రమాదమూ ఉంది. ఇద్దరికీ ఐ.ఎస్.ఐ. గుర్తు ఉన్న, గడ్డందాకా మూసే హెల్మెట్లు. పూనా నుంచి మా అమ్మాయి ఫోను చేసి, "నాన్నా, అమ్మ జాగ్రత్త" అంది. తరవాత వాళ్ళమ్మతో, "అమ్మా, నాన్న జాగ్రత్త" అన్నదట.

హైదరాబాదు నుంచి శ్రీశైలానికి 210 కిలోమీటర్ల పైచిలుకు. తుక్కుగూడ దాటేసరికి తూరుపు ఎర్రబడింది. కడ్తాల దగ్గర మైసిగండి మైసమ్మ గుడి ముందు బండి ఆపి దణ్ణం పెట్టుకున్నాం. అక్కడినుంచి ఆమనగల్లు, వెల్దండ. రెండు పక్కలా పత్తి చేలు, మంచు విడుస్తున్న రాతి గుట్టలు. గంటకు అరవై మీద బండి హాయిగా సాగింది. యెజ్డీ మీద ఈ వేగంలో ఒకరి మాట ఒకరికి వినబడేది కాదు. ఈ ఇంజను, వంటింట్లో పప్పు ఉడుకుతున్నట్టు తన పని తాను చేసుకుపోతోంది. వెనకనుంచి మా ఆవిడ, "అరటికాయ బజ్జీలు" అనటం స్పష్టంగా వినిపించింది.

డిండి జలాశయం నిజాం కాలం నాటిది. గట్టు పక్కన ఆగి టీ తాగాం. నీటి మీద పొగమంచు ఇంకా విడిపోలేదు. నా మణికట్లు అప్పటికే సలుపుతున్నాయి. ముందుకు వంగి కూచునే బండికి ఇదొక సుంకం. బరువు చేతుల మీద పడనివ్వకుండా మోకాళ్ళతో టాంకును పట్టుకోవాలని చదివాను. చదవటం తేలిక.

హాజీపూరు కూడలి దాటాక నల్లమల కొండలు నీలంగా లేచి నిలబడ్డాయి. అచ్చంపేట వైపు ఉన్న ఉమామహేశ్వరాన్ని శ్రీశైల క్షేత్రానికి ఉత్తర ద్వారమంటారు. మనం నడిచినా, బస్సెక్కినా, బండెక్కినా, క్షేత్రం ఇక్కడే మొదలవుతుందన్నమాట. మన్ననూరు దగ్గర అటవీశాఖ వారి గేటు. రాత్రి తొమ్మిది నుంచి తెల్లవారి ఆరుదాకా ఈ గేటు మూసేస్తారు. ఎందుకంటే రాత్రిళ్ళు ఈ రోడ్డు పులులది. ఇది అమ్రాబాద్ పులుల అభయారణ్యం. కృష్ణకు ఆవలి ఒడ్డున ఉన్నది నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యం. 2014కు ముందు రెండూ ఒకటే; దేశంలో అంత పెద్ద పులుల అడవి మరొకటి ఉండేది కాదు. రాష్ట్రం విడిపోయినప్పుడు అడవీ రెండు కార్యాలయాల కిందికి పోయింది. ఆ సంగతి పులులకు ఎవరూ చెప్పి ఉండరు.

గేటు దాటగానే గాలి మారింది. చలి నేరుగా గొంతుకు తగిలింది. టేకు ఆకులు ఎండి రోడ్డు మీద దొర్లుతున్నాయి. నల్లమద్ది చెట్లు, వెదురు పొదలు. ఫర్హాబాదు దగ్గర నిజాం కాలం నాటి వేట బంగళా శిథిలాలు అడవిలో ఉన్నాయి. వేటాడిన ప్రభువులు పోయారు, పులులు మిగిలాయి. వటవర్లపల్లి దగ్గర చెంచుల ఇళ్ళు. ఈ అడవిలో తేనె తీయటం, దుంపలు తవ్వటం వాళ్ళకు తరతరాల విద్య. రోడ్డు పొడవునా కోతులు కుటుంబాలతో సహా బారులు తీరి కూచున్నాయి. కార్లలోవాళ్ళు అరటిపళ్ళు విసురుతారు. ఆ పళ్ళ కోసం రోడ్డు మధ్యకు ఉరికి పిల్ల కోతులు చక్రాల కింద పడతాయి. విసరవద్దని బోర్డులున్నాయి. బోర్డుల కిందే తొక్కలు కూడా ఉన్నాయి.

దోమలపెంట దాటింది. ఈగలపెంట దాటింది. నా గుండె చప్పుడు హెల్మెటులో వినబడటం మొదలైంది.

ఘాటు దిగేటప్పుడు టూ స్ట్రోకు బండికీ, ఫోర్ స్ట్రోకు బండికీ ఉన్న తేడా తెలుస్తుంది. యెజ్డీలో యాక్సిలరేటరు వదిలేసినా బండి పల్లానికి ఉరికేది, భారమంతా బ్రేకులదే. ఈ బండిని రెండో గేరులో పెట్టి చెయ్యి వదిలితే, వెనకనుంచి ఎవరో పట్టుకుని ఆపుతున్నట్టు ఇంజనే నిలదొక్కుకుంటుంది. అయినా మొదటి మలుపు కనిపించగానే నా కుడి చేతి వేళ్ళు బ్రేకు మీదికి పోయాయి. లాక్కున్నాను. మలుపుకు ముందే మెత్తగా నొక్కి, వదిలి, రోడ్డు అవతలి చివర చూశాను. బండి ఒరిగి, తిరిగి, లేచింది. రెండో మలుపు. మూడోది. నాలుగో మలుపు దగ్గర ఇసుక ఉంది. ఇసుకను చూడలేదు, ఇసుక పక్కన ఉన్న నల్లని రోడ్డును చూశాను. బండి అక్కడికే పోయింది.

అప్పుడు వెనకనుంచి మా ఆవిడ నా భుజం తట్టి, "ఇదేనండీ. ఇక్కడే పడ్డాం" అంది.

"కాదు. ఇంకా కిందికి" అన్నాను.

"కాదు, ఇదే. ఆ బండరాయి నాకు గుర్తుంది."

ఇంకో రెండు మలుపులు దిగాక, "ఇది" అన్నాను. ఆవిడ, "ఇది కానే కాదు" అంది. ఇరవై తొమ్మిదేళ్ళు నా నిద్రలోకి వచ్చి భయపెట్టిన మలుపు ఏదో, దాని ముందుకు వచ్చాక నేను గుర్తుపట్టలేకపోయాను! రోడ్డు వెడల్పు చేశారు కాబోలు, లేక నేనే మారానో. వెనక ఒక లారీ హారను కొట్టింది. పక్కకు తప్పుకుని దారి ఇచ్చాను. దాని బంపరు వంక చూడలేదు.

కొండ పక్కన వెడల్పైన చోట బండి ఆపాం. కింద కృష్ణ. రెండు కొండల మధ్య శ్రీశైలం ఆనకట్ట, పొడవు 512 మీటర్లు, ఎత్తు 145 మీటర్లు. పన్నెండు గేట్లూ మూసి ఉన్నాయి. వానాకాలంలో ఆ గేట్లెత్తినప్పుడు నీటి తుంపర కొండ సగందాకా లేస్తుంది. ఇప్పుడు నది సద్దుమణిగి ఆకుపచ్చగా ఉంది. వంతెన ఇవతల తెలంగాణ, అవతల ఆంధ్రప్రదేశ్. 1994లో మేము పడ్డప్పుడు రెండూ ఒకే రాష్ట్రం. మా ఆవిడ ఎడమ మణికట్టు ఎందుకో కుడి చేత్తో ఒత్తుకుంటోంది. "నొప్పా?" అన్నాను. "లేదు. అలవాటు" అంది.

ఘాటు ఎక్కి సున్నిపెంట మీదుగా శ్రీశైలం చేరేసరికి పదకొండున్నర. మల్లికార్జునుడు పన్నెండు జ్యోతిర్లింగాలలో ఒకడు, భ్రమరాంబ పద్ధెనిమిది శక్తిపీఠాలలో ఒకతె. ఒకే కొండ మీద ఇద్దరూ ఉన్న చోటు. స్నానం చేసి, ఆవిడ చీర కట్టుకుని, ఇద్దరం దర్శనం చేసుకున్నాం. ఇరవై తొమ్మిదేళ్ళ మొక్కు తీరింది. మధ్యాహ్నం భోజనమయ్యాక సాక్షిగణపతి గుడికి వెళ్ళాం.

ఈ గుడి శ్రీశైలానికి మూడు కిలోమీటర్లలో ఉంది. ఇక్కడి వినాయకుడి చేతిలో పుస్తకం, కలం ఉంటాయి. శ్రీశైలం వచ్చినవాళ్ళు తమ పేరూ గోత్రమూ ఈయనకు చెప్పుకోవాలి. వాళ్ళు నిజంగా వచ్చారని ఈయన రాసుకుని కైలాసంలో సాక్ష్యం చెబుతాడని నమ్మకం. మా ఆవిడ కళ్ళు మూసుకుని పేర్లు చెప్పింది. నేను చెప్పబోయాను. ఎదట కలం పట్టుకుని కూచున్నవాడి ముందు నోరు పెగల్లేదు. జీవితమంతా ఆఫీసులో రిజిస్టర్లు రాసినవాణ్ణి. తప్పు పద్దు రాసిన వాడి గతేమిటో నాకు తెలుసు.

బయటికి వచ్చి మెట్ల మీద చెప్పులు తొడుక్కుంటూ అన్నాను: "అప్పుడు బండి అమ్మమని నువ్వు అనలేదు. నేనే భయపడి అమ్మాను. నీ మీద పెట్టాను."

ఆవిడ చెప్పు పట్టీ బిగించుకుంటూ, "తెలుసు" అంది.

"తెలిసి ఇన్నేళ్ళూ ఊరుకున్నావా? అందరి ముందూ నవ్వుతూ?"

"మీరు రాత్రిళ్ళు ఉలిక్కిపడి లేవటం నేను చూడలేదా? భయపడ్డారని నలుగురూ మిమ్మల్ని అనటం కంటే, గయ్యాళినని నన్ననటమే నయమనుకున్నాను." కొంచెంసేపు ఆగి, "కాని ఒక్కటి. బండి పోయినందుకు అందరూ మిమ్మల్నే ఓదార్చారు. నాకూ ఆ బండి ఎక్కటం ఇష్టంగా ఉండేదని ఒక్కళ్ళూ అడగలేదు. మీరూ అడగలేదు" అంది.

నాకు జవాబు దొరకలేదు. నేను పోగొట్టుకున్నది ఒక బండి అనుకున్నాను. ఆవిడ పోగొట్టుకున్న ప్రయాణాల లెక్క ఏ పుస్తకంలోనూ నేను రాసుకోలేదు. భయం ఒకరిదైతే, దాని ఖరీదు ఇద్దరం చెల్లించాం. ఆవిడ ఎక్కువ చెల్లించింది. పైగా నా పేరు మీద రసీదు కూడా ఇచ్చింది.

ఆ రాత్రి కొండ మీదే సత్రంలో ఉండిపోయాం. గేటు మూసేలోగా అడవి దాటేంత వ్యవధి లేక కాదు. ఒక రోజులో నాలుగు వందల కిలోమీటర్లు తొక్కే వయసు నాకు లేదని ఇప్పుడు ఒప్పుకోగలను. మణికట్లకు నొప్పి మందు రాసుకున్నాను. ఆవిడ నడుముకు రాసుకుంది. మర్నాడు మెల్లగా, మలుపుకో చోట ఆగుతూ ఇల్లు చేరాం. లెక్క చూస్తే బండి లీటరుకు ముప్ఫై ఎనిమిది కిలోమీటర్లు ఇచ్చింది.

నా ఈడు వాళ్ళు ఎవరైనా మళ్ళీ బండెక్కాలనుకుంటే ఎక్కండి. కాని పాత రోజుల మీద ప్రేమతో నేరుగా ఘాటురోడ్డుకు పోకండి. టైరు పుట్టిన తేదీ చూడండి. మీ పుట్టిన తేదీ కూడా ఒకసారి చూసుకోండి. ఒక నెల మైదానంలో సున్నాలు చుట్టండి. ఇంట్లో చెప్పవలసిన మాట ఏదైనా బాకీ ఉంటే, బయలుదేరకముందే చెప్పెయ్యండి. అది మోసుకుపోతే బండి బరువెక్కుతుంది.

మొన్న మా పినతల్లి కొడుకు వచ్చాడు. వాకిట్లో బండి చూసి ఆశ్చర్యపోయి, "అదేమిటి వదినా? అప్పట్లో ఏడ్చి అమ్మించావుగా! ఇప్పుడెలా ఒప్పుకున్నావు?" అన్నాడు.

ఆవిడ నా వంక చూసింది. అలవాటు ప్రకారం లేవబోయింది.

"కూచో" అన్నాను. "ఏడ్చి అమ్మించింది ఆవిడ కాదురా. భయపడి అమ్ముకున్నది నేను. తక్కినది మీ వదిన చెబుతుంది."

కాఫీ కలపటానికి లోపలికి నేను వెళ్ళాను.